అంతరిక్షంలో మా ఫైటింగుల హీరో

నిన్న ఫరీదాబాద్‌లో మెట్రో దిగగానే పెద్ద హోర్డింగ్. మన చిన్నప్పటి ఫైటింగుల హీరో, నెరిసిన గడ్డంతో, వ్యోమగామి హెల్మెట్‌లో! చూడగానే మంకీక్యాప్ ఉన్ని వాసన ముక్కుకి తగిలినట్టయింది.

ఢిల్లీ చలికి అమ్మలు మనకి బలవంతంగా తొడిగేవాళ్లు, గుర్తుందా? జనక్‌పురి ఇంట్లో మా అన్నయ్యకి అదే స్పేస్ హెల్మెట్, ఇడ్లీ స్టాండే రాకెట్. ఆదివారం చుట్టుపక్కల తెలుగువాళ్లంతా మా ఇంట్లో చేరి, అద్దె వీసీఆర్‌లో ఆ హీరో సినిమా చూసేవాళ్లు. అన్నయ్య ఊరుకునేవాడా? "వీడు అంతరిక్షం సినిమా చేస్తే అదరగొట్టేస్తాడు!"

నాన్న నవ్వేవారు. "అక్కడ కొట్టడానికి ఎవరుంటారురా?"

"ఎవరూ ఉండరు నాన్నా. అప్పుడే కదా వాడి యాక్టింగ్ తెలిసేది!"

ఇవాళ ఆ సినిమా మార్నింగ్ షోకి ఒక్కదాన్నే వెళ్లాను. హీరో రోదసిలో ఒంటరిగా చిక్కుకుపోయాడు. ఒక్క ఫైటూ లేదు. మనిషి గొంతు వినపడాలని తనకు తానే ఎక్కాలు అప్పజెప్పుకుంటున్నాడు. ఏడుపొచ్చేసింది. అన్నయ్య అన్నదే నిజమైంది. ఆ మాట చెబుదామంటే, వాడు పోయి రెండేళ్లయింది.

చిన్నప్పుడు సినిమాకి వెళ్తే ముందు పరిగెత్తి, నాకోసం సీటు మీద కర్చీఫ్ వేసేవాడు. ఇవాళ నేను వేశాను, పక్క సీటు మీద. ఎవరైనా అడిగితే మా అన్నయ్య వస్తున్నాడని చెబుదామనుకున్నాను.

హాలంతా ఖాళీ. ఎవరూ అడగలేదు.