మంచినీళ్ళు పోసిన బ్యాటరీలు

బండి ఇంజను స్టార్టయిన కాసేపటికి పాప దగ్గింది. ఆపించాను. దగ్గు తగ్గింది. మళ్ళీ స్టార్ట్ చేయించాను. మళ్ళీ దగ్గింది. ఈసారి తల్లి కూడా దగ్గింది. అప్పుడే నాకు మొదటిసారి భయం వేసింది.

ముందు రోజు సాయంత్రమే ఆ ఊరు చేరాను. మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే చివరి ఊళ్ళలో అదొకటి. తుపాను వెళ్ళిపోయి వారం. నేను మిలటరీ నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంటుని, అప్పటికి పెళ్ళి కాలేదు. తెలుగు వచ్చు కదా అని సికింద్రాబాదు నుంచి నన్ను పంపారు. మందుల పెట్టె, రెండు దుప్పట్లు, ఒక సైజు పెద్దవైన గమ్ బూట్లు. ఇదీ నా సరంజామా.

వరి చేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. తాటిచెట్ల తలల్లో చీరలు చిక్కుకుని వేలాడుతున్నాయి. గాలి లేదు. కాకి అరుపు లేదు, కుక్క మొరగదు. ఊరంతా ఒకటే వాసన, బ్లీచింగ్ పౌడరుది. బావుల దగ్గర అదే, బాటల మీద అదే, అన్నంలోనూ అదే. రెండో పూటకి ఆ వాసన ఉన్నట్టు కూడా తెలియదు.

మాకున్న బండి ఒక్కటే. మండపేటలో ఒక రైసుమిల్లు నుంచి అధికారులు తెచ్చి అప్పగించిన డీజిల్ పికప్. కాలవ గట్టుకు గండ్లు పడి లారీలు రావడం లేదు. పికప్ మాత్రం ఎలాగో వస్తుంది. వెనక తొట్టిలో అటూ ఇటూ చెక్క బల్లలు. ఒక బల్ల కింద పెట్టెలో రెండు బ్యాటరీలు. పైన టార్పాలిన్. మొదటి మూడు రోజులు ఆ బండి శవాలను మోసింది. తర్వాత కడిగి రోగులను ఎక్కించడం మొదలుపెట్టారు.

ఆ రెండో దగ్గుతో తల్లి పాపను ఎత్తుకుని బండి కిందికి దిగిపోయింది.

“ఏమ్మా, దిగావేంటి?”

“ఈ బండి మాకొద్దండి. నిన్న మా మావగారు ఎక్కారు. వెళ్ళేటప్పుడు కాలు నొప్పన్నారు, అంతే. అక్కడ దించేసరికి ఊపిరాడలేదంటండి.”

“పెద్దాయన కదమ్మా, వయసు వల్ల అయ్యుంటుంది.”

“వయసు కాదండి. ముందు ఇందులో పడుకోబెట్టినోళ్ళకి ఊపిరి చాల్లేదు గదండీ. ఎక్కినోళ్ళ దగ్గర తీసుకుంటున్నారు.”

గొంతు పెంచకుండా, తెలియని మనిషికి దారి చెప్పినట్టు చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరూ కాదనలేదు.

పాపకు మూడేళ్ళు. న్యుమోనియా. డొక్కలు ఎగరేస్తోంది. నా దగ్గరున్న ఇంజెక్షన్ ఇచ్చాను. ఆక్సిజన్ లేదు. భీమవరం ఆసుపత్రికి చేరకపోతే ఆ రాత్రి గడవదని నాకు తెలుసు. తల్లికీ తెలుసు.

స్కూలు వరండాలో వైర్‌లెస్ ఆపరేటర్ సెట్టులో మా దళం మేజర్ గారిని పట్టుకుని నాకిచ్చాడు.

“ఇంకో బండి కావాలి సార్. ఓవర్.”

“లేదు. ఉన్నదాంతోనే చూసుకోండి. ఓవర్.”

నేనొక్కదాన్నే బండెక్కాను. టార్పాలిన్ దింపి ఇంజను స్టార్ట్ చేయమన్నాను. పగలే, అయినా లోపల చీకటి. ముందు ఏమీ లేదు. తర్వాత ముక్కు లోపల మంట. గొంతు బిగుసుకుంది. ఎవరో చెయ్యి వేసి నొక్కుతున్నట్టే ఉంది. ఆమె చెప్పిందే నిజమని ఒక్క క్షణం నేనూ నమ్మాను. మోకాళ్ళ మీద పడ్డాను. కిందికి వంగేసరికి మంట ఎక్కువైంది. అది బల్ల కింది నుంచి వస్తోంది.

దిగి, టార్పాలిన్ ఎత్తి, పెట్టె తెరిపించాను. బ్యాటరీ మూతల దగ్గర బుడగలు. అదే బ్లీచింగ్ వాసన, కాకపోతే పదింతలు.

మా డ్రైవరు హవల్దారు, గఢ్వాల్ కొండల మనిషి. “వీటిలో ఏ నీళ్ళు పోశారు?” అని హిందీలో అడిగాను. అతను తెలుగులో, కాస్త గర్వంగానే, జవాబిచ్చాడు.

“మంచినీళ్ళు.”

అతనికి వచ్చిన తెలుగు మాటల్లో అదొకటి. మంచి అంటే ఏమిటో, నీళ్ళంటే ఏమిటో విడివిడిగా నేర్చుకున్నాడు. బ్యాటరీలు ఎండిపోతే, శుద్ధమైన నీళ్ళనుకుని ఊళ్ళోవాళ్ళను మంచినీళ్ళు అడిగాడు. వాళ్ళు బిందెతో తెచ్చి ఇచ్చారు. మంచినీళ్ళ చెరువు మీద నుంచి సముద్రం వచ్చి వెళ్ళింది. ఆ పైన మేం బ్లీచింగ్ కలిపాం. ఊరంతా తాగుతున్నవి అవే. అంతకన్నా మంచివి వాళ్ళ దగ్గర లేవు. ఉప్పు చేరిన బ్యాటరీ ఛార్జి అవుతుంటే క్లోరిన్ వస్తుందని ఇంటర్‌లో చదివాను. ఊరంతా అదే వాసన కనక ఎవరికీ అనుమానం రాలేదు.

ఈ సంగతి తల్లికి చెప్పాను. వింది. “మీరేదో చదువుకున్నోరండి,” అని పాపను ఇంట్లోకి తీసుకుపోయింది. టార్పాలిన్ తీసేస్తానన్నా ఎక్కలేదు.

టార్పాలిన్ విప్పేసి, నేనూ డ్రైవరూ భీమవరం వెళ్ళాం. బ్యాటరీల కొట్టు ముందు కూడా ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ అందుకోదు.

కొట్టు శెట్టిగారు మూతలు తీసి చూశారు. “రెండూ పోయాయండి.”

“ఒకటి కొంచెం నయంగా ఉంది. అది ఉంచి రెండోది మారుద్దాం,” హిందీలో అన్నాడు డ్రైవరు.

“పాతదాని పక్కన కొత్తది పెడితే, పాతది దాన్ని కూడా తినేస్తుందండి. జంటగా తీసుకోండి, ఒకే నెలలో వచ్చినవి.”

ఆయన దగ్గర రెండు జతలున్నాయి. పదిహేడు ప్లేట్ల పెద్దవి, పదకొండు ప్లేట్ల చిన్నవి.

“డీజిలు బండికి పెద్దవే పడాలండి మేడమ్ గారూ. చిన్నవి పొద్దున్నపూట సెల్ఫ్ తిప్పవు.”

“పెద్దవి ఎక్కడ పడతాయి?”

“ఇప్పుడున్న చోటేనండి. బల్ల కింద.”

“చిన్నవైతే?”

“బయట ఫుట్‌బోర్డు మీద పెట్టె బిగించొచ్చు. కానీ రేపు స్టార్టవకపోతే నన్ననకండి.”

డ్రైవరు వైపు చూశాను. “స్టార్టవకపోతే?”

“తోస్తాం, సిస్టర్.”

“ఎవరు?”

“వైర్‌లెస్ వాడు. రోజంతా కూర్చునే కదా ఉంటాడు.”

చిన్నవే తీసుకున్నాం. కొట్టు కుర్రాళ్ళు తొట్టి బయట పెట్టె బిగించారు. శెట్టిగారు డిస్టిల్డ్ వాటర్ సీసాలు రెండు నా చేతిలో పెట్టి అన్నారు, “వీటిని మాత్రం మంచినీళ్ళనకండి. మనవాళ్ళకి ఆ మాట వింటే దాహం ఒక్కటే గుర్తొస్తుంది.”

ఊరు చేరేసరికి చినుకులు. పాప పెదవులు నీలంగా మారుతున్నాయి. తల్లి గుమ్మం దాటలేదు.

“మీకు పిల్లలున్నారా అండి?”

“లేరు.”

ఆమె పాపను ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

అందరూ చూస్తుండగా బండెక్కాను. టార్పాలిన్ నాలుగు వైపులా కట్టించాను. ఇంజను స్టార్ట్ చేయించాను. పిలిచేదాకా విప్పవద్దన్నాను. చీకట్లో బల్ల మీద కూర్చున్నాను. మంట లేదు. గొంతు హాయిగా ఉంది. అప్పుడు ఇంజను మోతలోనూ ఎదుటి బల్ల వైపు నుంచి ఎవరో నిదానంగా ఊపిరి తీసుకుని వదిలిన చప్పుడు వినిపించింది. ఒకసారి కాదు. టార్పాలిన్ కదిలి ఉంటుందని చెప్పుకున్నాను. కానీ నేను ఎక్కేటప్పుడు బయట ఆకు కూడా కదలడం లేదు.

దిగినప్పుడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. “చూశావుగా, దగ్గలేదు,” అన్నాను.

తల్లి నా ముఖం చాలాసేపు చూసింది. లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఎదుటి బల్ల చివర పెట్టింది. “ఆళ్ళకండి,” అంది. అప్పుడు పాపతో ఎక్కింది.

గట్టు మీద బండి మమ్మల్ని ఎగరేసి కుదేసింది. ఇద్దరం పాపను పట్టుకుని, కాళ్ళతో బల్లలను తన్నిపెట్టి కూర్చున్నాం. ఆసుపత్రిలో పాపకు ఆక్సిజన్ పెట్టారు. బతికింది. ఐదారు రోజులకు అదే బండిలో ఇంటికి తీసుకొచ్చాం.

ఆ తర్వాత అందరూ బండి ఎక్కారు. పొద్దున్నే వైర్‌లెస్ ఆపరేటర్ తిట్టుకుంటూ తోసేవాడు. రెండు వారాలకు మా దళం వెనక్కి వచ్చేసింది. పెళ్ళయితే నా సర్వీసులో ఉండనివ్వని రోజులవి. పెళ్ళితో యూనిఫారం వదిలేశాను. మరిచిపోలేనిది ఒక్కటే. ఆసుపత్రి ముందు పాపను దించాక బండి లోపలికి చూశాను. గ్లాసు పెట్టిన చోటే నిలబడి ఉంది. ఖాళీగా ఉంది. దాని కింద బల్ల పొడిగా ఉంది.

ఇప్పుడు మేముండేది భీమవరంలోనే. మా వారిది ఐసు వ్యాపారం. పిల్లలిద్దరూ ఐసు బండి వెనకే కూర్చుని స్కూలుకు వెళ్తారు. నిన్న ఆయన బండికి కొత్త బ్యాటరీలు తెచ్చారు. ముందు చోటు చాలక, వెనక పిల్లలు కూర్చునే బల్ల కింద పెట్టించానన్నారు. ఐసు మీద చల్లే ఉప్పు కరిగి ఆ బల్ల కిందికే కారుతుంది. బయటికి మార్పించండి అన్నాను. ఆదివారం చూద్దాంలే అని పడుకున్నారు. నాకు నిద్ర పట్టక రాత్రంతా ఇది రాస్తూ కూర్చున్నాను.

పొద్దున్న జడలు వేస్తూ పిల్లలకు చెప్పాను.

“ఆదివారం దాకా బండి మీద టార్పాలిన్ దించనివ్వకండి.”

“వానొస్తేనో?” అంది పెద్దది.

“తడవండి.”