మోకాలి కింద బొంత

"తియ్యొద్దంటే వినవేందిమ్మే? నా కొడుకు మోకాలికి మెత్తగా ఉండాలని పెట్టినా, నీ కాలి కింద పెట్టలేదు కదా!"

"మెత్తగుంటే కాలు వంకరగానే నిలిచిపోతాది నాగమ్మక్కా. చెయ్యి తియ్యి."

"నీ కొడుకైతే ఇట్లనే ఏడిపిస్తావా?"

"నా కొడుకైతే ఈపాటికి రెండు తగిలిచ్చింటి."

బొంత ఒక కొస నా చేతిలో ఉంది, ఇంకో కొస ఆమె చేతిలో. నడుమ మంచం మీద ఓబులేసు పళ్ళు బిగబట్టుకొని పైకప్పు చూస్తున్నాడు. ఇది 1958లో, కార్తీక మాసంలో, నంద్యాలలో నేను ఆయాగా పనిచేసిన ఆసుపత్రి మగవాళ్ళ వార్డులో జరిగిన సంగతి. నాకు చదువు మూడో తరగతితో సరి. ఈ తగవు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఆయా అంటే ఊడ్చేది, కడిగేది అనుకుంటారు. అవీ చేశాను. అయితే వార్డులో పై నుంచి కిందికి ఒక వరస ఉండేది. డాక్టరు చూసి చెబుతాడు, సిస్టరమ్మ ఎట్లా చేయించాలో నేర్పుతుంది, దాన్ని పొద్దునా మాపూ తప్పకుండా రోగి చేత చేయించేది ఆయా. సిస్టరమ్మ ఒకసారి చూపిస్తే రెండోసారి అడిగే అలవాటు నాకు లేదు.

ఓబులేసుది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. సంక్రాంతి దాటినాక అహోబిలం స్వామి పారువేటకు, అంటే వేట ఉత్సవానికి, బయలుదేరి ఊరూరా తిరిగేటప్పుడు పల్లకీ మోసే కుటుంబాల్లో వాళ్ళది ఒకటి. తండ్రి పోయినాక ఆ చోటు ఇతనికి వచ్చింది. ఆ వానాకాలం చేలో మూట ఎత్తుకొని పోతుంటే పాదం నల్లరేగడిలో దిగబడింది. పాదం అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాలి లోపల పైఎముకనూ కిందెముకనూ పట్టి ఉంచే తాడు లాంటి కట్టు ఒకటి ఉంటుంది. లిగమెంటు అంటారు. అది తెగింది. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, కోసి కుట్టి, తొడ నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. కట్టు విప్పినాక కాలికి కసరత్తు చేయించమని మా దగ్గరికి పంపారు.

కట్టులో మోకాలు కొంచెం వంచి ఉంచుతారు. విప్పేసరికి ఆ వంపు అట్లాగే బిగుసుకొని ఉంటుంది, తొడ కండ కరిగి కాలు కందికట్టెలా అవుతుంది. సిస్టరమ్మ నేర్పిన పని చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. వెల్లకిలా పడుకొని, తొడ బిగించి, మోకాలి వెనకభాగాన్ని పరుపుకు అదమాలి. తర్వాత ఇసక సంచి పాదానికి కట్టి మెల్లగా ఎత్తాలి. ఆ సంచులు నేనే కుట్టాను. కొత్త గుడ్డ అడిగితే ఇచ్చేవాళ్ళే, కానీ చిరిగిన దుప్పట్లు ఉండగా కొత్తది ఎందుకు? ఇసక కుందూ ఏటి నుంచి వచ్చింది.

చేయించినంతసేపూ చేసేవాడు. నేను అటు పోగానే నాగమ్మ పాత చీరలతో కుట్టిన బొంతను చుట్ట చుట్టి మోకాలి కింద దూర్చేది. వంచి పెట్టుకుంటే నొప్పి తగ్గుతుంది, అది నిజమే. నేను సాగదీసిందంతా ఆ సుఖంలో మళ్ళీ ముడుచుకొనేది. సిస్టరమ్మ రెండుసార్లు నెమ్మదిగా చెప్పింది. నాగమ్మ ఆమె ముందు తల ఊపి, ఆమె వెనక బొంత పెట్టింది. అందుకే ఆ పొద్దు నేను బొంత పట్టుకు లాగవలసి వచ్చింది.

మేమిద్దరం అట్లా లాక్కుంటూ ఉండగానే నర్సప్ప వచ్చాడు. ఆయన పల్లకీ మోసేవాళ్ళకు పెద్ద, ఓబులేసుకు మేనమామ, పల్లకీ కొయ్య కింద అతనికి జత కూడా. పారువేట దగ్గర పడుతోంది. ఓబులేసు చోటు ఉంచాలా, ఇంకొకరికి ఇవ్వాలా తేల్చుకోవడానికి వచ్చాడు. ఒకసారి ఇచ్చేస్తే మళ్ళీ తీసుకొనే ఆనవాయితీ వాళ్ళలో లేదు.

"ఏందక్కా, బొంత కోసం కొట్లాడుతాండారు?" అన్నాడు.

"నీ మేనల్లుడిని చంపుతాండాది చూడు ఈయమ్మ!"

ఆయన నవ్వలేదు. "లేచి నిలబడప్పా, చూస్తా" అన్నాడు.

నిలబెట్టి చూసేదేముందని నేను అడిగితే ఆయనే వివరించాడు. జత కుదర్చడమంటే బలం చూడటం కాదట, భుజం ఎత్తు చూడటమట. ముందు ఒకరు, వెనక ఒకరు. ఒక భుజం దిగితే బరువంతా ఆ పక్కకు వాలుతుంది. అడుగు తప్పితే మోసేవాడు ఒక్కడే పడడు.

అది విన్నాక నాకొక ఆలోచన వచ్చింది. ఆ ఏడు మా ఆసుపత్రిలో కొత్త గది కడుతున్నారు, మేస్త్రీ గాలి బుడగ ఉండే రసమట్టం పెట్టి గోడ చూసుకోవడం నేను రోజూ చూసేదాన్ని. కడిగి దాచిన మందు సీసా ఒకటి తెచ్చి, కొంచెం గాలి మిగిలేట్టు నీళ్ళు నింపి బిరడా పెట్టాను. సిస్టరమ్మను అడిగితే, బరువేమీ లేకపోతే సరే అన్నది. పాత స్ట్రెచర్ వెదురు ఒకటి తెచ్చి ఇద్దరి భుజాల మీద పెట్టించి, దాని నడుమ సీసాను పడుకోబెట్టి కట్టాను. గాలి బుడగ నర్సప్ప పక్కకు పోయి నిలిచింది. ఓబులేసు మోకాలు చాచలేక ఆ కాలి పక్కకు ఒరిగి నిలబడ్డాడు, భుజం దిగింది.

"చూస్తివా అక్కా," అన్నాడు నర్సప్ప. "వీని మీద కోపం లేదు. కానీ ఈ కాలితో కొయ్య కిందికి రానిచ్చేది లేదు. పారువేట లోపల సరిగాకుంటే మా అన్న కొడుకును జతకు పెట్టుకుంటా."

ఓబులేసు భుజం మీది వెదురును దించకుండా పట్టుకొని ఉన్నాడు. నాగమ్మ సీసా దగ్గరికి వంగి చాలాసేపు చూసింది. "ఇదంతా బొంత వల్లనేనా?" అని నన్నే అడిగింది.

"ఆపరేషన్ వల్ల కొంత, బొంత వల్ల కొంత."

ఆమె బొంతను నేను పారేయలేదు. గుడ్డ గట్టిది, కుట్టు మంచిది. సిస్టరమ్మ చూపించినట్టే దాన్ని మడమ కింద పెట్టాను. మడమ ఎత్తులో ఉంటే మోకాలు తన బరువుకు తానే కిందికి జారి చాచుకుంటుంది. ఓబులేసు "అమ్మా" అని అరిచాడు. నాగమ్మ చెవులు మూసుకుంది గానీ, చెయ్యి బొంత దాకా రాలేదు.

ఆ తర్వాత నేను చెప్పే పని తగ్గింది. నేను పక్క మంచం దగ్గర ఉంటే నాగమ్మ గొంతే వినిపించేది. "బిగించురా! తొడ కదల్లేదు, నేను చూస్తాండా. మీ మామ వచ్చి బుడగ చూస్తాడు!" ఓబులేసు ఒకసారి నన్ను పిలిచి, "ఆయమ్మా, మా అమ్మను ఊరికి పంపిచ్చు. నీవే మేలు" అన్నాడు. పంపించలేదు.

పారువేట ముందర నర్సప్ప మళ్ళీ వచ్చాడు. వెదురు, సీసా మళ్ళీ తెచ్చాను. బుడగ నడుమ నిలిచింది. నర్సప్ప సీసా వైపు చూడనే లేదు, తన భుజానికి తెలిసిపోయింది. అయినా డాక్టరు ఆ ఏడు బరువు వద్దన్నాడు. "ఈ యేడు కొయ్య పక్కన దివిటీ పట్టుకొని నడువు. నీ చోటు ఎవరికీ ఇయ్యను. వచ్చే యేడు నీదే" అన్నాడు నర్సప్ప. దివిటీ పిల్లోళ్ళు పట్టేదని ఓబులేసు గొణిగితే, నాగమ్మ వాని నెత్తిన ఒకటి మొట్టింది.

ఆ పనిలో నేను నేర్చుకొన్నది ఇంతే. నొప్పి తగ్గించేదంతా కాలిని బాగుచేయదు. ఆ సంగతి ఇంటివాళ్ళకు చెబితే చాలదు, ఆ కాలు ఏ పనికి కావాలో ఆ పనిలోనే పెట్టి కళ్ళకు చూపించాలి. మిగిలిన నా ఉద్యోగమంతా అట్లాగే చేశాను.

మరునాడు పొద్దున వాళ్ళు ఆళ్ళగడ్డ బస్సుకు బయలుదేరారు. వార్డు వాకిలి దగ్గరి మంచం మీద కోయిలకుంట్ల రైతు ఒకాయన ఉన్నాడు. మోకాలి ఆపరేషనే, ముందురోజే పిండికట్టు విప్పాము. ఆయన భార్య చీర మడిచి మోకాలి కింద పెడుతోంది. నాగమ్మ ఆగింది. మూట దించి, బొంత తీసి, ఆ చీరను లాగేసి, బొంతను ఆయన మడమ కింద పెట్టింది.

"ఏందిమ్మే, నీ మొగుడైతే ఇట్లనే చేస్తావా?" అని ఆమె లేచింది.

"నా కొడుక్కే చేసినా. పో, వాకిట్లో నిలబడి ఉండాడు, చూడుపో."

ఆమె తొంగి చూసింది. ఓబులేసు ఎండలో రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడి ఉన్నాడు. నాగమ్మ బొంతను అక్కడే వదిలి మూట ఎత్తుకుంది.