ఇల్యెస్ గుండె

స్ఫాక్స్ పట్నం పాత బజారులో చెప్పులు కుట్టే తైయెబ్‌కి కూతురు ఎమ్నా చేసే ఉద్యోగం ఏనాడూ బోధపడలేదు. విశ్వవిద్యాలయంలో కంప్యూటరు చేత గుండె కొట్టిస్తుందని మాత్రం అందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు. మాట నిజమే. గుండెను కొట్టించే కణాలు ఓ మూల గుంపుగా ఉంటాయి. వాటిలో పెత్తనం చేసేది ఏదీ లేదు. పక్కదాన్ని చూసి పక్కది సర్దుకుంటూ అన్నీ కలిసికట్టుగా కొట్టాలి. ఆ పొత్తు ఎలా కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో ఎమ్నా లెక్కలు కట్టి తెర మీద చుక్కలుగా ఆడిస్తుంది.

ఆమె ఈ పని పట్టుకున్నది తమ్ముడి వల్ల. చిన్నవాడు ఇల్యెస్ ఓ ఆదివారం తండ్రితో బంతి ఆడి, వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. పుట్టుకతోనే ఆ కణాల మధ్య అతుకు సరిగా లేదని డాక్టర్లన్నారు. తల్లి సుఆద్ చెవికెక్కలేదు. "పరిగెత్తించి చంపావు" అని అప్పట్నుంచీ మొగుణ్ణి దులుపుతూనే ఉంది. ఆయన తల వంచుకుని మాటలు పడేవాడు. నాన్న మీది నింద ఎలాగైనా చెరపాలని ఎమ్నా పంతం పట్టింది.

ఏళ్ళు పట్టింది. మొదట్లో చుక్కలన్నిటినీ ఒకేసారి మొదలుపెట్టించి, అవి కలిసి కొడుతున్నాయని సంబరపడింది. అంత వెర్రి పొరపాటు ఇంకోటి లేదు; ఒకేసారి మొదలైతే అతుకు లేకపోయినా కొంతసేపు కలిసే కొడతాయి. దేని దారిన దాన్ని వదిలాకే సంగతి బయటపడింది. అతుకు చెడిన గుండెలో కూడా పరుగెత్తేటప్పుడు చుక్కలు జట్టు కట్టాయి. కూర్చోబెడితే చెదిరాయి. అసలు పరుగే లేకపోయినా ఎప్పుడో ఒకప్పుడు చెదిరిపోయాయి.

ఆమె తండ్రిని పిలిచి చూపించింది.

"చూశావా నాన్నా? ఆడినంతసేపూ గుండె బాగానే ఉంది. నీ తప్పేం లేదు."

తైయెబ్ తోలు రంగు అంటిన వేలితో తెరను తాకాడు. "ఇది వాడిదేనా?"

"వాడిలాంటిది."

ఆయన చాలాసేపు ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుని, "మీ అమ్మకి చెప్పకే తల్లీ" అన్నాడు.

"అదేంటి! ఇన్నేళ్ళూ నేను తంటాలు పడింది దేనికి?"

"నన్ను తిట్టడానికైనా అది వాడి పేరెత్తుతోంది. అదీ మానేస్తే మనింట్లో ఇల్యెస్ అన్న మాట ఇంకెవరి నోట వినను?"

ఎమ్నా తెర ఆర్పేసింది.

ఆ తర్వాతి ఆదివారం ముగ్గురూ చేపల కూర పోసిన గోధుమరవ్వ కుస్కుస్ ముందు కూర్చున్నారు. వడ్డిస్తూ వడ్డిస్తూ సుఆద్ మొదలుపెట్టనే పెట్టింది. "నా ఇల్యెస్‌కి చేప తలకాయంటే ప్రాణం. మీ నాన్న బతకనిస్తేగా!"

తైయెబ్ కూతురి వైపు చూశాడు. ఎమ్నా నోటిదాకా వచ్చిన మాటను ముద్దతో పాటు మింగేసింది.

"ఇంకేం ఇష్టమమ్మా వాడికి?" అని అడిగింది.