పశువుల దవాఖాన నుంచి తెచ్చుకున్న చలి

ఎనభైల మొదట్లో నేను హన్మకొండలో ఒక కాలేజీ మేడ మీద ఆకాశాన్ని కొలిచేవాణ్ని. మేఘాలకన్నా ఎంతో పైన, ఉందా లేదా అన్నంత పలుచగా నీటి ఆవిరి ఉంటుంది. దాని నుంచి వచ్చే సన్నటి మైక్రోవేవ్ సంకేతాన్ని పట్టుకునే రేడియోమీటర్ మాది. పట్టుకునేది అని మర్యాదకు అంటున్నాను. చాలా రోజులు అది తన గురక తనే వినేది.

దాని రీడింగ్ నమ్మాలంటే ముందుగా బాగా చల్లటి వస్తువు ఒకటి చూపించి సరిచూసుకోవాలి. అందుకు ద్రవ నైట్రోజన్ కావాలి. అది మా కాలేజీలో లేదు, పశువుల దవాఖానలో ఉంది. బర్రెలు చూడి కట్టడానికి సూది వేసే వీర్యం గొట్టాలను అందులోనే ముంచి దాచేవారు. ఐదేళ్లుగా తెమలని పరిశోధన నాది. నా మొహం చూసి జాలిపడి కాంపౌండర్ అప్పుడప్పుడు ఫ్లాస్కు నింపి ఇచ్చేవాడు.

ఒక కార్తీకంలో ఆకాశం తేటపడింది. హైదరాబాద్ నుంచి నైట్రోజన్ తెచ్చే జీపు మాత్రం రాలేదు. దవాఖాన డబ్బా అడుగున మిగిలింది కూడా నేనే అడిగి తెచ్చుకున్నాను.

"రేపు జీపొస్తది, ఫికర్ చెయ్యకుండ్రి సారూ" అన్నాడు కాంపౌండర్.

ఆ రోజు నాకు మొట్టమొదటి శుభ్రమైన గ్రాఫ్ వచ్చింది. జీపు రాలేదు. మూడో రోజు ఫ్లాస్కుతో వెళ్లేసరికి చలి లేక గొట్టాలన్నీ పాడైపోయాయి. పక్క పల్లె నుంచి ఒకామె ఎదకొచ్చిన బర్రెను నడిపించుకొచ్చి నిలబడి ఉంది.

"జీపు రాలే పెద్దమ్మా. ఇరవై ఒక్క దినాలకు మళ్ల ఎదకొస్తది, అప్పుడు తోలుకరా" అన్నాడు కాంపౌండర్.

"ఇది కట్టక రెండేండ్లాయె. ఈసారి గూడ కట్టకపోతే కటికోనికి ఇస్తనంటాండు మా ఇంటాయన" అందామె, బర్రె వీపు నిమురుతూ. తర్వాత నా వైపు తిరిగింది. "నీది గూడ బర్రెనేనా బిడ్డా?"

"కాదమ్మా. ఆకాశంలో నీళ్లు కొలిచే పని."

"వాన నీళ్లా?"

"కాదు. కిందికి రానివి."

ఆమె కూడా నా మీద జాలిపడింది.

నైట్రోజన్ పట్టుకుపోయింది నేనేనని చెప్పలేదు. కొలువు భయంతో కాంపౌండరూ చెప్పలేదు. సిగ్గేసింది గానీ, గ్రాఫ్ పారేయలేదు.

మూడు వారాలకు మళ్లీ వెళ్లాను. ఆమె రాలేదా అని అడిగాను.

"ఆ బర్రెనా? అంగట్ల అమ్ముకున్నరట" అన్నాడు కాంపౌండర్. "ఫ్లాస్కు ఇయ్యుండ్రి సారూ, ఇయ్యాల నిండుగున్నది."

ఇచ్చాను.