పరామర్శల వరుస

వెండెల్ హాస్కిన్స్ మా మాంటానా రాష్ట్రం నుంచి సెనేటర్ అయ్యాడు, వాషింగ్టన్‌లో వ్యవసాయ మంత్రి అయ్యాడు, ఆపైన నార్వేలో రాయబారిగా ఉండి వచ్చాడు. పదవులన్నీ పోయినా ఆయన చెయ్యి మాత్రం ఊరుకోదు. కాఫీ హోటల్లో తన పళ్ళెంలో గుడ్లు చల్లారిపోతున్నా బల్లబల్లకూ తిరిగి అందరితో చేతులు కలుపుతాడు. కుడిచేత్తో మన చెయ్యి పట్టుకుంటాడు, ఎడంచేత్తో మోచెయ్యి పట్టి మెల్లగా పక్కకు జరుపుతాడు. కళ్ళు అప్పటికే మన వెనకాల మనిషి మీద ఉంటాయి. మా ఊళ్ళో ఆ చెయ్యి తగలనివాడు లేడు. "ఎలక్షన్లు లేవుగా మంత్రిగారూ, ఎవరికోసం ఈ తిరుగుడు?" అని పెట్రోలు బంకు ఎర్ల్ ఎగతాళి చేస్తే, "ఉన్నప్పుడు మాత్రం నువ్వు ఓటేశావా ఏంటి!" అని నవ్వి ముందుకు సాగుతాడు.

మొన్న వసంతంలో ఆయన భార్య పోయింది. చర్చి హాల్లో శవపేటిక పక్కన నిలబడి, పరామర్శకు వచ్చినవాళ్ళ వరుసను చకచకా నడిపించాడు. బోస్టన్ నుంచి ఆలస్యంగా దిగిన కూతురు ఆడ్రీ, అందరినీ తోసుకుపోలేక అదే వరుసలో నిలబడింది. ఆమె వంతు వచ్చింది. ఆయన ముఖం చూడకుండానే చెయ్యి పట్టుకుని, "చాలా దూరం నుంచి వచ్చినట్టున్నారు, మా ఆవిడ ఎంత సంతోషించేదో," అంటూ పక్కకు జరిపాడు.

"నాన్నా, నేను," అంది.

ఆయన అప్పటికే ఎర్ల్ చెయ్యి ఊపుతున్నాడు. ఆడ్రీ కళ్ళు తుడుచుకుని, హాలు చివరిదాకా నడిచి, మళ్ళీ వరుసలో నిలబడింది.