ఏ పద్దు కింద, మేడం?

తొలకరి పడితే అందరికీ మట్టి వాసన వస్తుందట. అశోక్ నగర్ వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న నాకు వచ్చేది కింద పారే మురుగు నాలా కంపు. ఆ కంపు తగలగానే రాఘవులు సార్ గుర్తొస్తారు. నాకు తల ఎత్తబుద్ధి కాదు. గ్రూప్స్‌కు చదివే రోజుల్లో ఇక్కడి కోచింగ్ సెంటర్లో ఆయన మాకు వ్యాసం రాయడం నేర్పారు.

"నీటి వనరుల రక్షణ మనందరి బాధ్యత" అని నేను వ్యాసం ముగించిన రోజు, ఆయన క్లాసు మొత్తాన్ని ఈ వంతెన మీదికి నడిపించారు. "నారాయణగూడల పడ్డ వాన, చిక్కడపల్లిల పడ్డ వాన, అంత పల్లం వెతుక్కుంట ఇటే వస్తది. ఈ పూడిక ఎవ్వలు తియ్యాలె, చెప్పు బిడ్డా?" "అందరం సార్" అన్నాను. ఆయనకు చిర్రెత్తింది. "అందరు అంటే ఎవ్వలు కాదు! పెండ్లి వంట అందరు చూస్తరనుకుంటే అన్నం మాడుతది. ఏ ఆఫీసు? బడ్జెట్‌ల ఏ పద్దు? సంతకం ఎవ్వలది? గది రాయి." టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా నవ్వారు. ఆ కోపమే నన్ను పాస్ చేయించింది.

ఉద్యోగం వచ్చాక తిరిగి తిరిగి ఈ నాలా చూసే ఆఫీసుకే వచ్చి పడ్డాను. పూడికతీతకు పంపిన ప్రతిపాదన నిధుల్లేవని వెనక్కొచ్చింది. మళ్ళీ రాసి పోట్లాడాల్సింది పోయి, పైవాళ్ళు చెప్పినట్టు చిక్కడపల్లిలో ఒక కమ్యూనిటీ హాల్లో అవగాహన సదస్సు పెట్టాను. బ్యానరు, మైకు, చివర్లో ప్రతిజ్ఞ. "నాలాను కాపాడుకోవడం మనందరి బాధ్యత, చేతులు చాపండి" అన్నాను. ఎంత నున్నగా అన్నానో! నాలా పక్క సందులో అద్దెకుండే సార్ వెనక వరుసలో లేచి నిలబడ్డారు.

"చేయి చాపుతం మేడం. గని పూడిక తీసుడు ఏ పద్దు కింద? పైసలొచ్చినయా?"

నన్ను మేడం అన్నారు. "పరిశీలనలో ఉంది సార్" అన్నాను. ఆయన అందరితోపాటు తనూ చేయి చాపారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ప్రతిజ్ఞ మొత్తం చదివించాను.

ఆ వానాకాలమే సందులోకి నీళ్ళొచ్చాయి. మర్నాడు వెళ్ళేసరికి సార్ గడప ముందు తడిసిన పుస్తకాలు ఆరబెడుతున్నారు. తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. ఇళ్ళలోంచి బురద ఎత్తిపోస్తున్నవాళ్ళను పిలిచి, "ఇగో, నా స్టూడెంట్. మన నాలా చూసేది ఈమెనే" అని చూపించారు. పాలమూరు నుంచి కూలికి వచ్చిన ఒకామె, చేతిలో చీపురు అలాగే పట్టుకొని, "అయితే వచ్చే వానకు రావు గదా అమ్మా నీళ్ళు?" అనడిగింది. సార్ నా వైపు చూడకుండానే, "రావు. మా బిడ్డ ఉన్నది గదా" అన్నారు.

ఆ వారమే పద్దు పేరు రాసి, కింద నా సంతకం పెట్టి ప్రతిపాదన మళ్ళీ పంపాను. వెనక్కొచ్చింది. మళ్ళీ పంపాను. చలికాలంలో సార్ పోయారు. ఈ ఏడూ నీళ్ళొచ్చాయి. నా తరఫున ఆయన ఇచ్చిన మాట నా దగ్గరే ఉంది. ఆ సందులోకి మాత్రం ఇంతవరకూ వెళ్ళలేకపోయాను.