ఒడిబియ్యం, వదులు నట్లు

మోటారు సైకిలు వెనక స్ప్రింగుల నట్లు వదులు చేసిన పాపానికి తుపాకీ ముందు నిలబడ్డ మనిషి ఈ తెలంగాణలో ఇంకెవరైనా ఉంటే దయచేసి నాకు కబురు చేయండి. ఇద్దరం కూర్చుని ఏడ్చుకుందాం. ఎవరూ లేరంటే ఆ కీర్తి నా ఒక్కడిదే. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ వీపు తడిమి చూసుకుంటాను, అయినా చెప్తాను. మీరు మొహమాటం లేకుండా నవ్వండి.

యూనియన్ సైన్యం వచ్చి నిజాం పాలన పోయిన మరుసటేడు అది. రజాకార్లు పోయారు గానీ భయం పోలేదు. అడవుల్లో కమ్యూనిస్టు దళాలు, రోడ్ల మీద మిలిటరీ క్యాంపులు, నడుమ మా ఊళ్ళు. నేను జనగామలో ఒక డాక్టరు గారి దగ్గర కంపౌండరును. సీసాల్లో ఎర్రమందు పోసివ్వడం నా నౌకరీ, ఆయన మోటారు సైకిలు తుడవడం నా సంబరం. పాత విలాయతీ బండి. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి లావుపాటి స్ప్రింగులుండేవి. వాటి నట్లు బిగిస్తే బండి గట్టిపడుతుంది, వదులు చేస్తే మెత్తబడుతుంది. నాకు తెలిసింది అంతే. తెలియంది ఎంతో ఆ తర్వాత తెలిసింది.

మా లచ్చక్కకు కడుపులో గడ్డ లేస్తే డాక్టరు గారే కోసి తీశారు. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు, బతికింది. కుట్లు ఇంకా విప్పకముందే, రఘునాథపల్లి దగ్గర మా ఊళ్ళో మమ్మల్ని కన్న అవ్వ దగ్గర పడుకుని ఉండగా, చిల్పూరు నుంచి బావ కబురు పంపాడు. రెండేళ్ళ పిల్ల తల్లి కోసం ఏడ్చి ఏడ్చి గంజి కూడా ముట్టడం లేదట. ఆ మాట విన్నప్పటి నుంచి అక్క మంచం మీద నిలవలేదు.

పిల్లను తెద్దామన్నా, తల్లిని పంపుదామన్నా బండి కట్టే వీలు లేదు. ఎడ్లబండి రోడ్డెక్కితే అందులో ధాన్యం ఉంటుందని, ధాన్యం ఉంటే అది దళాలకే పోతుందని క్యాంపు వాళ్ళ అనుమానం. నేను పోయి డాక్టరు గారి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన గడ్డం గోక్కుని మోటారు సైకిలు తాళం ఇచ్చారు.

"ఇగో, మెల్లగ తోలు. ఆమెకు కుదుపు తగలొద్దు. కుట్టు తెగిందంటే మళ్ళ నా చేతుల లేదు."

"మీరేం ఫికర్ చెయ్యకుండ్రి సార్."

"ఆ నట్ల జోలికి మాత్రం పోకు. నా బరువుకు సరిపోయేటట్టు బిగిచ్చిన."

ఈ చివరి మాటే నన్ను ముంచింది. డాక్టరు గారు ధాన్యపు బస్తాలాంటి మనిషి. అక్క జ్వరాలతో చీపురు పుల్లైపోయింది. బస్తాకు బిగించిన స్ప్రింగు మీద పుల్లను కూర్చోబెడితే కుట్లు తెగవా? ఇంతటి తర్కం నా బుర్రలో పుట్టినందుకు నేనే మురిసిపోయాను. ఊరు చేరగానే వాకిట్లో బండి నిలబెట్టి, రెండు నట్లూ చివరిదాకా వదులు చేశాను. వెనక కూర్చుని ఊగి చూశాను. అచ్చం ఉయ్యాల తొట్టెలే. అక్కను పిలిచి కూర్చోబెట్టాను.

"ఎట్లున్నదే అక్క?"

"మంచిగున్నది తమ్మి. నిద్రొస్తున్నది."

గర్వంతో నట్లు తిప్పే పాన కూడా జేబులో వేసుకోకుండా గూట్లో పెట్టేశాను. ఇక దానితో పనేముంది అనుకున్నాను.

అప్పుడు అవ్వ ఇంట్లో నుంచి చాట పట్టుకుని వచ్చింది. చాట నిండా పసుపు కలిపిన బియ్యం, మీద ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె బట్ట.

"అవ్వా, గిప్పుడు ఒడిబియ్యం ఏందే? రోడ్డు మీద మిలిటరోళ్ళు గింజ కనవడితే పట్టుకపోతున్నరు."

"పట్టుకపోతే పోనీ. సచ్చి బతికిన బిడ్డ. ఒట్టి ఒడితోని ఎట్ల తోలుత?"

"మళ్ళెప్పుడన్న పొయ్యరాదు."

"మళ్ళ నేనుంటనో లేనో. నువ్వు నోర్ముయ్యి."

అవ్వ పోసింది. అవ్వ పోస్తే చిన్నమ్మ ఊరుకుంటుందా? చిన్నమ్మ పోస్తే మేనత్త తక్కువైంది ఎక్కడ? చచ్చి బతికిన ఆడబిడ్డ కదా, వాడకట్టు ఆడవాళ్ళంతా తలా ఇన్ని తెచ్చారు. పొట్ట మీద బరువు పడకూడదని అన్నీ ఒక పాత చీర ముక్కలో మూట కట్టి, అక్క వెనకాల మడ్‌గార్డు మీద పెట్టి తాడుతో బిగించారు. మూట చూస్తే అక్క కంటే అదే బలంగా ఉంది. బండి వెనక భాగం ఈనబోయే గేదెలా కిందికి దిగింది. నేను చూశాను. స్ప్రింగులు మెత్తగా పని చేస్తున్నాయని సంతోషించాను కూడా.

బయలుదేరాం. గుంత వస్తే బండి దిగేది, లేచేది, మళ్ళీ దిగేది, గుంత దాటి ఎంత దూరం పోయినా ఊగుతూనే ఉండేది. వెనక చక్రం దగ్గర ఏదో గీసుకుంటున్న చప్పుడు.

"తమ్మి, అదేం సప్పుడురా?"

"స్ప్రింగులు సదురుకుంటున్నయి. నువ్వు కండ్లు మూసుకో."

నిజానికి నాకూ గుబులుగానే ఉంది. క్యాంపు ఎప్పుడు ఎదురవుతుందో, మూట విప్పమంటే ఏం చెప్పాలో అని కళ్ళు ముందుకే పెట్టి తోలుతున్నాను. జీపు వెనక నుంచి వచ్చింది. వచ్చి అడ్డంగా ఆగింది. పొడుగు మీసాల హవల్దారు ఒకడు దిగాడు, వెంట ఇద్దరు జవాన్లు, తుపాకులు. హవల్దారు పిడికిలి విప్పి నా ముక్కు కింద పెట్టాడు. దుమ్ము కలిసిన పసుపు బియ్యం.

నేను వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు మీద, చూపు ఆనినంత మేర, సన్నటి పచ్చటి గీత. మడ్‌గార్డు వెనక్కి జారిన మూటను, బండి దిగినప్పుడల్లా చక్రం అరగదీసి బొక్క పెట్టింది. మా అవ్వ ఒడిబియ్యాన్ని నేను దారి పొడుగునా విత్తుకుంటూ వచ్చాను.

నేను చదివింది ఉర్దూ బడి, కాబట్టి ఆయన అడిగింది నాకు అర్థమైంది. అర్థం కాకపోతేనే బాగుండేది.

"అడవిలో ఉన్నవాళ్ళకు దారి గుర్తు పెడుతున్నావా?"

"లేదు సాబ్. స్ప్రింగు సాబ్. నట్లు వదులు చేశాను సాబ్."

"ఎందుకు?"

"మా అక్క కుట్ల కోసం సాబ్."

ఈ జవాబులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కానీ విన్నవాడెవడైనా నన్ను పట్టుకుపోవడం ఖాయం. పట్టుకుపోతే అక్క ఈ రోడ్డు మీద ఏం కావాలి? అక్కడ పిల్ల ఏం కావాలి?  హవల్దారు బండిని పైకీ కిందికీ చూసి అక్కను దిగమన్నాడు. పిడికిట్లోని బియ్యం జేబులో పోసుకుని, తుపాకీతో తానే వెనక ఎక్కాడు. "నడుపు, చూద్దాం" అన్నాడు.

డాక్టరు గారి బరువుకు బిగించిన నట్లు వదులు చేస్తే ఏమవుతుందో, డాక్టరు గారంతటి మనిషి ఎక్కాక తెలిసింది. మొదటి గుంతకే హవల్దారు గాలిలోకి లేచాడు. పడ్డాడు. పడ్డ ఊపుకు మళ్ళీ లేచాడు. టోపీ ఒక పక్క, కేకలు ఒక పక్క. తుపాకీ గొట్టం నా వీపును పొడుస్తుంటే నేను భయంతో ఇంకా వేగం పెంచాను, ఆయన ఇంకా ఎగిరాడు. బండి తిప్పుకుని జీపు దగ్గరికి తిరిగొచ్చి చూస్తే మా అక్క. రోడ్డు పక్కన చతికిలబడి, పొట్ట పట్టుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

"అక్కా, నవ్వకే. నీకు దండం పెడుత, నవ్వకే."

హవల్దారు దిగాడు. టోపీ దులుపుకుని అక్క ముందుకు పోయి నిలబడ్డాడు. 

"స్ప్రింగు సంగతి నిజమే. మరి ఈ బియ్యం ఎవరికి?"

నేను ఉర్దూలో నోరు తెరిచేలోపే అక్క తెలుగులోనే చెప్పింది. "మా అవ్వ పోసింది. ఆడబిడ్డ అత్తగారింటికి పోతుంటే తల్లి ఒడి నింపుతది." చెప్తూ కొంగు పట్టి చూపించింది. నేను ఆ మాటలను ఉర్దూలోకి మార్చి చెప్పాను.

ఆయన జేబులోని బియ్యం పిడికిట్లోకి తీసి చూశాడు. పసుపును వేలితో రుద్దాడు. "మా అమ్మ కూడా మా చెల్లెలికి ఇట్లాగే పోస్తుంది, ఉత్తరాన గంగ ఒడ్డున మా ఊళ్ళో" అన్నాడు. వంగి, ఆ పిడికెడు బియ్యం అక్క కొంగులో పోశాడు. తర్వాత నా వైపు తిరిగి జీపులోని పాన తెప్పించి, నట్లు ఆయనే బిగించాడు. ఎంత కోపంగా బిగించాడంటే అవి మళ్ళీ నా జన్మలో కదలలేదు.

చిల్పూరు చేరేసరికి మూటలో ఒక పూటకు కూడా బియ్యం మిగలలేదు. మిగిలినవే అక్క కడిగి వండింది. గంజి ముట్టని పిల్ల తల్లి ఒడిలో కూర్చుని ఆ పచ్చటి మెతుకులు మొత్తం తినేసింది. నేను గోడకు ఆనుకుని నిమ్మళంగా ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు అక్క మెల్లగా పిలిచింది.

"తమ్మి, ఓ కుట్టు తెగినట్టున్నదిరా."

మరుసటి రోజు డాక్టరు గారిని వెనక ఎక్కించుకుని తీసుకొచ్చాను. ఆయన కుట్టు వేసి, చేతులు కడుక్కుని, నన్ను పక్కకు పిలిచారు.

"నిజం చెప్పు. ఏ గుంతల తెగింది?"

"గుంతల కాదు సార్. నవ్వుకు తెగింది."

"కుట్లున్న మనిషిని నవ్విచ్చిన గాడిద ఎవడు?"

నేను వంగి ఆయన మందుల పెట్టె మూశాను. అక్కే మంచం మీద నుంచి జవాబు చెప్పబోయి, హవల్దారు గుర్తొచ్చి మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. డాక్టరు గారు మూసిన పెట్టె మళ్ళీ తెరిచి సూది బయటికి తీశారు.

ఆ సూది సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను. ఈ దేహంలో ప్రాణం ఉన్నంతవరకు ఏ బండి స్ప్రింగునూ ముట్టను, వెనక కూర్చున్నవాళ్ళ సుఖం గురించి ఆలోచించను. కుదుపుగా ఉందని ఎవరైనా అంటే దిగి నడవమంటాను.